గంటసేపు దిగే అంకె

పట్టీకి గాలి కొట్టేటప్పుడు ఆమె కళ్ళు మనిషి మొహం మీదే ఉంటాయి. మీటరు అబద్ధం చెప్పకపోవచ్చు గానీ కాస్త ఆలస్యంగా చెబుతుంది. మొహం ముందే చెప్పేస్తుంది. వ్యాయామ పరిశోధన గదిలో పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. సైకిలు తొక్కడానికి వచ్చేవాళ్ళు ఆమెకు పట్టీలమ్మ అని పేరు పెట్టేశారు. అసలు పేరు హాజరు పుస్తకానికే పరిమితమైపోయింది.

ఆ సోమవారం సైకిలు మీద రిటైరైన పోస్ట్‌మాస్టరు ఉన్నాడు. కదలని సైకిలు అది, ఎంత తొక్కినా గది దాటదు. ఆయన రెండు తొడలకూ అరచెయ్యి వెడల్పు పట్టీలు, వాటి లోపల గాలి సంచులు. కాళ్ళలోకి నెత్తురు కొంచెంగా వెళ్ళాలి, వెనక్కి ఇంకా కొంచెంగా రావాలి, పూర్తిగా మాత్రం ఆగకూడదు. ఆ కొంచెం ఎంతో చేతివేళ్ళకు తెలియడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది.

"తొక్కమంటావు, కాళ్ళు కట్టేస్తావు. ఇదెక్కడి న్యాయం పట్టీలమ్మా?" అన్నాడు ఆయన రొప్పుతూ.

"మాట్లాడితే ఆయాసం ఎక్కువవుతుంది. తొక్కండి బాబాయ్ గారూ."

"ఇంట్లో మా ఆవిడ నోరు కట్టేస్తుంది. ఇక్కడ నువ్వు కాళ్ళు. ఇక మిగిలింది చేతులే."

తొక్కుతుండగా చూస్తే బీపీ పై అంకె నూట డెబ్బై ఎనిమిది. ఇరవై నిమిషాలు కాగానే ఆమె గాలి వదిలేసి, పట్టీలు విప్పి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. పది నిమిషాలకోసారి చూసి కాగితం మీద రాసుకుంది. వచ్చినప్పుడు నూట నలభై నాలుగున్నది అరగంటకల్లా నూట ఇరవై ఆరుకి దిగింది. తొక్కుతున్నంతసేపూ ఎక్కుతుంది, విప్పాక దిగుతుంది, గంటో గంటన్నరో అయ్యాక బుద్ధిగా తన పాత చోటికి తాను వచ్చేస్తుంది. ఎవరిలో ఎంత దిగుతుంది, ఎంతసేపు నిలుస్తుంది అన్నదే ఆమె పై అధికారి మేడం గారు తేల్చాలనుకుంటున్న సంగతి.

పోస్ట్‌మాస్టరు వెళ్ళిపోయాక చూస్తే గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. డ్రైవరు యూనిఫాం, చంకలో అన్నం డబ్బా. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

"ఆయనకెంత దిగింది?" అన్నాడు.

"పద్దెనిమిది. అయినా నువ్వేంటి ఇలా వచ్చావు?"

అన్నయ్య జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. డిపో నుంచి వచ్చిన ఉత్తరం. రెండుసార్లు చూస్తే రెండుసార్లూ పై బీపీ నూట అరవై దాటిందట. శుక్రవారం మూడోసారి చూస్తారట. అప్పుడూ దాటితే స్టీరింగు ముట్టుకోనివ్వరు, శాశ్వతంగా బస్సులు కడిగే షెడ్డుకి పంపేస్తారు. ఇరవై రెండేళ్ళు బండి నడిపిన మనిషి. చిన్నప్పుడు పళ్ళెం మూత పట్టుకుని ఇల్లంతా హారన్ కొడుతూ తిరిగేవాడు, ఆ మూత దెబ్బకి సొట్టలు పోయింది కూడాను.

"నాకు పది దిగితే చాలు," అన్నాడు సైకిలు వైపు చూస్తూ.

ఆమెకు అర్థమైంది. అర్థం కానట్టు కాగితం మడిచి ఇచ్చేసింది. "ఇది వైద్యం కాదన్నయ్యా, పరిశోధన. పేరు రాయించుకోనివాళ్ళని ఎక్కిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"నాది ఊడుతున్నట్టే కదా. తోడుంటావు," అని నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. "మాత్ర వేసుకుంటున్నావా?"

"ఆఁ."

ఆ 'ఆఁ' మరీ తొందరగా వచ్చింది. లెక్కలు చేశావా అని నాన్న అడిగినప్పుడు కూడా అచ్చం ఇలాగే అనేవాడు.

మర్నాడు పని అవగానే ఆమె అన్నయ్య ఇంటికి వెళ్ళింది. అతను డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. వదిన కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. చుట్టూ చొక్కా ముక్కలు, నోట్లో గుండుసూదులు. ఆమెను చూడగానే సూదులు తీసి డబ్బాలో వేసి, అలమరలోంచి మాత్రల షీటు తెచ్చి చేతిలో పెట్టింది.

"వేసుకుంటున్నానని నీతో అన్నారు కదూ. నాతోనూ అంటారు. ఈ షీటు కొని నెల దాటింది అమ్మాయ్. ఎన్ని చిల్లులు పడ్డాయో నువ్వే చూడు."

నాలుగే. తక్కినవన్నీ తెల్లగా గుండ్రంగా కూర్చుని ఉన్నాయి.

"ఆ నాలుగూ సెలవు రోజుల్లోవి. డ్యూటీ ఉన్నరోజు వద్దంటారు. ఎందుకని అడిగితే నీకు తెలీదులే అంటారు. నాకు తెలీకపోతే మరెవరికి తెలుస్తుంది?" వదిన చొక్కా ముక్కను విసురుగా పక్కన పెట్టింది. కోపమో భయమో ఆమెకే తెలిసినట్టు లేదు. "మొన్న పక్కింటాయన నిద్రలోనే పక్షవాతం వచ్చి పడిపోయాడు. అప్పట్నుంచి రోజూ రెండుసార్లు లేచి ఈయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటున్నాను."

పట్టీలమ్మ షీటు అక్కడే పెట్టేసి వచ్చింది. దారి పొడుగునా ఆ తెల్ల మాత్రలే కళ్ళ ముందు ఉన్నాయి. మొండివాడు కాదు, చావాలని ఉన్నవాడు కాదు. మరి ఏమొచ్చింది ఈ మనిషికి?

బుధవారం ఒక పూట సెలవు పెట్టి అన్నయ్య బస్సెక్కింది. డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. అతను అద్దంలో చూసి, "టిక్కెట్టు తీసుకున్నావా?" అన్నాడు.

బండి నడిపేటప్పుడు అన్నయ్య వేరే మనిషి. ఇంట్లో గ్లాసు కూడా చూసి పెట్టడు, ఇక్కడ మాత్రం బ్రేకు మీద కాలు ఎంత మెత్తగా ఆనించాడంటే నిలబడినవాళ్ళు కూడా ఊగలేదు. ఒక ముసలామె దిగేదాకా ఆగాడు, దిగాక రెండో కాలు నేల మీద పడేదాకా కూడా ఆగాడు. వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు. అతను పట్టించుకోలేదు.

గంటన్నర గడిచింది. ఎండ అద్దంలోంచి సూటిగా మోకాళ్ళ మీద పడుతోంది. సీటు పక్కన నీళ్ళ సీసా ఉంది, మూత సీలు కూడా తియ్యలేదు. చంటిపిల్లతో ఎక్కిన ఒకావిడ నీళ్ళున్నాయా అని అడిగితే సీసా మొత్తం ఇచ్చేశాడు. "తాగండమ్మా, నాకక్కర్లేదు" అన్నాడు.

ఆఖరి స్టాపు చేరేసరికి రెండు గంటల ఇరవై నిమిషాలైంది. కాగితం మీద అక్కడ పది నిమిషాల విశ్రాంతి ఉంది. బండి చేరిందే తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా. టైము రాసుకునే మనిషి కిటికీలోంచి చెయ్యి ఊపి, తిప్పెయ్ తిప్పెయ్ అంటున్నాడు. ఆవరణ ఆ చివర రేకుల గది ఒకటి కనబడింది. తలుపుకి తాళం.

"ఆ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగింది.

"ఆఫీసులో. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోవాలి. తీసుకుని, వెళ్ళి, వచ్చేసరికి ఎనిమిది నిమిషాలు. చూసే ఉన్నాను." అన్నయ్య స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా చూస్తూ అన్నాడు. "మాత్ర వేసుకుంటే గంటకోసారి ఒంటికి వెళ్ళాలి అమ్మలూ. ఆపుకోవడం కూడా కుదరదు. యాభై మందిని ఎక్కించుకుని ఎక్కడికి పోను?"

ఆమెకు ఇంతేనా అనిపించింది. వెంటనే, ఇంతా అనిపించింది.

"ఈ సంగతి డాక్టరుకి చెప్పొచ్చు కదా. వేరే మాత్ర ఉంటుంది. ఇస్తాడు."

"మాత్ర మింగడం లేదని మా డిపోలో ఒకడు చెప్పాడు. వాడి కాగితం మీద నిర్లక్ష్యం అని రాశారు. ఇప్పుడు చీపురు పట్టుకుని టైర్లు తోముతున్నాడు." గేరు వేశాడు. "శుక్రవారం ఒక్క గంట గడిస్తే చాలు నాకు. ఆ తర్వాత నేనే ఏదో ఒకటి చూసుకుంటాను."

తిరుగు దారిలో సగం దూరం వచ్చేసరికి అతని మెడ వెనక చెమట పట్టింది, భుజాలు బిగుసుకున్నాయి. మాత్ర వేసుకోని రోజే ఇలా ఉంది. అద్దంలో చెల్లెలు చూస్తోందని తెలిసి హుషారుగా ఈల వేశాడు. ఆ ఈల విన్నాకే ఆమె మనసు మెత్తబడిపోయింది. దిగేటప్పుడు, రేపు సాయంత్రం ఐదున్నరకి రమ్మని చెప్పేసింది.

గురువారం మేడం గారు ఐదుకే మీటింగుకి వెళ్ళిపోయారు. పట్టీలమ్మ అన్నయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, వీపు ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టించి, ఐదు నిమిషాలు కదలొద్దంది. ఆమె మనసులో ఒక ఆశ ఉంది. డిపో క్లినిక్కు మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు ఆఫీసర్లకే. డ్రైవర్లు అరవై రెండు మెట్లు ఎక్కి, రొప్పుతూ వెళ్ళి చెయ్యి చాపుతారు. అలా చూస్తే ఎవరికైనా ఎక్కువే ఉంటుంది. అసలు తప్పు వాళ్ళదే అయ్యుంటుందని, సరిగ్గా చూస్తే నూట నలభై వస్తుందని రాత్రంతా అనుకుంటూనే ఉంది.

మూడుసార్లు చూసింది. నూట డెబ్బై. నూట అరవై ఎనిమిది. నూట అరవై ఎనిమిది.

మెట్లది తప్పు కాదు. ఈ మనిషి ఈ అంకెతోనే రోజూ బండెడు జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నాడు.

పట్టీలు కట్టి, అందరికీ పెట్టే దానికన్నా తక్కువ గాలి పెట్టింది. అయినా తొక్కడం మొదలెట్టిన పది నిమిషాలకు మీటరు నూట తొంభై ఆరు చూపించింది. అన్నయ్య మొహం కందగడ్డలా అయింది, పెదాలు బిగిశాయి. ఆమె వెంటనే గాలి తీసేసింది.

"అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది. దిగు. మాట్లాడకు."

తర్వాత అరగంటా కుర్చీలో కూర్చోబెట్టి చూసింది. పది నిమిషాలకు నూట యాభై ఆరు. ఇరవైకి నూట నలభై ఆరు. ముప్పైకి నూట నలభై. అన్నయ్య పిల్లాడిలా మొహమంతా నవ్వు చేసుకున్నాడు. పట్టీలు చేతిలోకి తీసుకుని, వెడల్పు వేళ్ళతో కొలిచి చూసుకున్నాడు.

"ఇది గంటసేపే అన్నయ్యా. రోగం ఎక్కడికీ పోలేదు. అంకె ఒక్కటే పక్కకి జరిగి నిలబడింది, అంతే."

"నిలబడనీ. నాకు కావలసింది అదే."

శుక్రవారం పొద్దున ఏడున్నరకే ఇద్దరూ గదిలో ఉన్నారు. ఎనిమిదీ పదికి పట్టీలు విప్పింది. తొమ్మిదింటికి పరీక్ష. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు డిపో మూడో అంతస్తు మెట్ల మలుపులో కాసేపు కూర్చోబెట్టి తన చిన్న మిషనుతో చూస్తే నూట ముప్పై ఎనిమిది. అన్నయ్య ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి నిమిరి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు.

డాక్టరు రాలేదు.

వరండాలో పొడుగు బెంచీ, దాని మీద పదకొండు మంది డ్రైవర్లు. డాక్టరు గారు దారిలో ఉన్నారని నర్సు మూడుసార్లు చెప్పింది. తొమ్మిదీ నలభైకి మెట్ల మలుపులో మళ్ళీ చూస్తే నూట నలభై ఆరు. పదీ ఐదుకి నూట యాభై నాలుగు. అన్నయ్య మిషను వైపు, గడియారం వైపు, మళ్ళీ మిషను వైపు చూశాడు.

"బాత్రూంకి వెళ్ళొస్తాను," అన్నాడు.

పదీ పదిహేనుకి డాక్టరు వచ్చాడు. మొదటివాణ్ణి పిలిచారు, రెండోవాణ్ణి పిలిచారు. అన్నయ్యది నాలుగో నంబరు. ఇంకా రాలేదు. మూడోవాడు బయటికొస్తుండగా అన్నయ్య వచ్చాడు, నేరుగా లోపలికే వెళ్ళాడు. మోకాళ్ళు సరిగా వంగడం లేదు. చెవుల దాకా ఎర్రబడిన మొహం, బిగిసిన పెదాలు.

ఆ మొహం ఆమెకు పదకొండేళ్ళుగా తెలుసు. అది పట్టీ కట్టుకున్న మొహం.

ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. నిన్న వేళ్ళతో కొలుచుకున్నది ఇందుకన్నమాట. వదిన చేత కుట్టించుకున్నాడు. బాత్రూంలో బిగించుకుని ఉన్నచోటే పరుగు పెట్టాడు. ఎంత బిగిస్తే అంత దిగుతుంది, ఎంతసేపు ఉంచితే అంత దిగుతుంది అనుకున్నాడు పిచ్చి మారాజు. విప్పాకే దిగుతుందని, కట్టి ఉన్నంతసేపూ ఎక్కుతూనే ఉంటుందని విడమరిచి చెప్పాల్సింది తనే. చెప్పలేదు.

తలుపు తోసుకుని వెళ్ళేసరికి నర్సు అంటోంది, "నూట తొంభై రెండు సార్."

డాక్టరు పెన్ను మూత తీశాడు.

"ఆ అంకె రాయకండి డాక్టరు గారూ," అంది ఆమె. "ఆయన కాళ్ళకి పట్టీలున్నాయి."

"మీరెవరు?"

"చెల్లెల్ని. వ్యాయామ పరిశోధన గదిలో పట్టీలు కట్టేది నేనే." అంటుంటేనే తెలుస్తోంది, ఈ మాట మధ్యాహ్నానికల్లా మేడం చెవిన పడుతుంది. పడనీ. "ముందు అవి విప్పించండి. మిగతాది తర్వాత చెబుతాను."

అన్నయ్య ఆమె వైపు చూసిన చూపు జన్మలో మరిచిపోలేదు. తెర వెనక్కి వెళ్ళి విప్పుకొచ్చాడు. ప్యాంటు గుడ్డతో కుట్టి, లోపల మూడు వరసలు ఎలాస్టిక్ వేసిన పట్టీలు. నర్సు తెర పక్కకి తీసి తొడలు చూసింది. వేలు దిగేంత గాట్లు పడి ఉన్నాయి.

"ఇంకో అరగంట ఆగి చూస్తే మళ్ళీ నూట నలభైకి వస్తుంది. నూట అరవై లోపే, పాసవుతాడు," అంది ఆమె. అన్నయ్య ఆశగా తలెత్తాడు. ఇక్కడితో ఆపేస్తే చాలు. ఆపెయ్యమని లోపల ఎవరో బతిమాలుతున్నారు. "కానీ అదీ నిజం కాదు. పొద్దున నేను దింపిన అంకె అది. నిజమైంది నూట అరవై ఎనిమిది. నిన్న కూర్చోబెట్టి మూడుసార్లు చూశాను."

"అమ్మలూ," అన్నాడు అన్నయ్య.

డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టి అతని వైపు తిరిగాడు. "మాత్రలు వాడుతూనే ఇంత ఉందా? రోజూ వేసుకుంటున్నావా లేదా?"

"ఆఁ..." అన్నాడు అన్నయ్య. చెల్లెలి వైపు చూశాడు. తల దించుకున్నాడు. "లేదండి. సెలవు రోజునే."

"ఎందుకని?"

మాట మొదలయ్యాక ఇక ఆగలేదు. "అది వేసుకుంటే ఆగదండి. రెండు గంటల ఇరవై నిమిషాలు బండి దిగడానికి లేదు. మొదట్లో వేసుకున్నాను. ఒకసారి తట్టుకోలేక దారి పక్కన ఆపి, గోడ చాటుకి వెళ్ళాను. ఎవరో ఫిర్యాదు చేస్తే మెమో ఇచ్చారు. ఇంకోసారి ఆపలేదు." చేతిలోని పట్టీలు మడిచాడు. "సీట్లోనే అయిపోయింది. ఆఖరి స్టాపులో జనం అంతా దిగేదాకా లేవలేదండి. నీళ్ళ సీసా ఒలికిందని కండక్టరుకి చెప్పాను. ఆ రోజుతో మాత్రా మానేశాను, నీళ్ళూ మానేశాను."

పట్టీలమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. బస్సులో తనతో కూడా అన్నయ్య ఈ మాట చెప్పలేదు.

డాక్టరు కాగితం దగ్గరికి లాక్కుని రాశాడు. మూడు వారాలు బండి ఎక్కకూడదు. మందు మార్చడమైనది. మూడు వారాల తర్వాత మళ్ళీ చూడాలి. రాసింది పైకి చదివి, "ఈ మాత్రతో ఆ బాధ ఉండదు. ఇది మాత్రం రోజూ వెయ్యాలి. బస్సుల షెడ్డు సంగతి అప్పుడు ఆలోచిద్దాం," అన్నాడు. అన్నయ్య కాగితం తీసుకున్నాడు. చెల్లెలి వైపు చూడలేదు. చొక్కా చెయ్యి కిందికి దించుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

డాక్టరు లేచి తలుపు దాకా వెళ్ళాడు. పరీక్ష అయినవాళ్ళతో సహా బెంచీ మీదివాళ్ళంతా నిలబడ్డారు. తలుపు తెరిచే ఉంది, లోపలి మాటలన్నీ విన్నట్టే ఉన్నారు.

"ఈ తెల్ల మాత్ర మీలో ఎంతమందికి రాశాను? చెయ్యెత్తండి."

ఎనిమిది చేతులు లేచాయి.

"డ్యూటీ రోజున వేసుకునేవాళ్ళు మాత్రం అలాగే ఎత్తి ఉంచండి."

ముందు ఒక చెయ్యి దిగింది. పక్కవాడిని చూసి ఇంకోటి. తర్వాత రెండు కలిసి. ఆఖరున, రేపో మాపో రిటైరయ్యే పెద్దాయన ఒకాయన చెయ్యి కాసేపు గాలిలో ఊగి, అది కూడా కిందికి వచ్చేసింది.

"ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేం?" అన్నాడు డాక్టరు.

నర్సు తన చేతిలోని పరీక్ష ఫారం రెండు వైపులా తిప్పి చూసింది.

"మాత్ర ఎందుకు వేసుకోవడం లేదో రాసే గడి ఇందులో లేదు సార్," అంది.